తల్లులు సాధించిన శాసనము

అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన పెద్దల సామెత. ఆ అమ్మయే అడుగవలసి వచ్చినప్పుడు ఎవరిని అడుగవలెను? బిడ్డను కనుట ఆయా కుటుంబముల సొంత సంగతి యనియు, పురిటిగదిలోని కష్టము పురిటిగదిలోనే అణగిపోవలెననియు లోకము చాలకాలము తలచెను. పురిటిలో తల్లి మరణించినచో విధి యనిరి. పొత్తిళ్ళలో బిడ్డ మరణించినచో ప్రాప్తము లేదనిరి. ఇట్టి మరణములలో అనేకము నివారింపదగినవనియు, వానిని నివారించుట ప్రభుత్వ ధర్మములలో ఒకటి యనియు శాసనసభల చేత ఒప్పించుటకు ఇరువదవ శతాబ్ది తొలిపాదమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో సామాన్య పౌరులు, అందును ముఖ్యముగా స్త్రీలు, సలిపిన కృషి చరిత్రలో చెప్పుకొనదగినది. ఆ కృషి ఫలించి 1921లో శాసనరూపము దాల్చెను. ఎనిమిది సంవత్సరములు నిండకుండగనే ఆ శాసనము గతించెను. కేంద్ర రాష్ట్ర ప్రభుత్వముల సంబంధమును నిత్యము ఫైళ్ళలో చూచుచుండు మనవంటి ఉద్యోగులకు దాని పుట్టుకయు, దాని అంతమును కూడ తెలిసికొనదగిన విషయములే.

ఈ కథ పత్తి చేనిలో మొదలయ్యెనని చెప్పిన ఆశ్చర్యము కలుగవచ్చును. 1903లో న్యూయార్కు నగరపు పేదల పేటలో సేవాసదనము నడుపుచుండిన లిలియన్ వాల్డు అను నర్సు ఒకనాటి ఉదయము వార్తాపత్రికలో ఒక వార్త చదివెను. దక్షిణ రాష్ట్రములలో పత్తికాయలను తొలుచు పురుగు వలన కలిగిన నష్టమును విచారించుటకై వ్యవసాయశాఖామాత్యుడు స్వయముగా బయలుదేరుచున్నాడన్నదే ఆ వార్త. పత్తిపంటకు పురుగు పట్టినచో మంత్రియే కదలును. దేశములోని పసిబిడ్డలకు ఎట్టి ఆపద వచ్చినను ఇట్లు కదలు ప్రభుత్వశాఖ ఒక్కటియు లేదు గదా యని ఆమెకు తోచెను. ఆమెయు, ఆమె సహచరియు న్యాయశాస్త్ర పట్టభద్రురాలునైన ఫ్లారెన్సు కెల్లీయు కలిసి శిశువుల కొరకు ప్రత్యేక ప్రభుత్వ కార్యాలయము నెలకొల్పవలెనని ప్రచారమునకు పూనుకొనిరి. 1905లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు ఎదుట ఈ ప్రతిపాదన చేయబడెను. 1909లో అధ్యక్షభవనమున శిశుసంక్షేమమును గూర్చి ఒక సదస్సు జరిగెను. బిల్లులు వచ్చినవి, పోయినవి. తుదకు 1912 ఏప్రిల్ 9వ తేదీన అధ్యక్షుడు టాఫ్టు సంతకముతో చిల్డ్రన్స్ బ్యూరో, అనగా శిశుసంక్షేమ కార్యాలయము, ఏర్పడెను. ఒక చిన్న కార్యాలయమును సాధించుటకే తొమ్మిది సంవత్సరములు పట్టెను.

ఆ కార్యాలయమునకు జూలియా లాత్రప్ అధిపతిగా నియమింపబడెను. అమెరికా కేంద్రప్రభుత్వమున ఒక కార్యాలయమునకు అధిపతియైన మొదటి స్త్రీ ఆమెయే. ఆమెకు లభించిన సిబ్బంది పదునైదుగురు. మొదటి సంవత్సరపు కేటాయింపు 25,640 డాలర్లు. వైద్యము చేయుటకు గాని, ఎవరినైన ఆజ్ఞాపించుటకు గాని ఆ కార్యాలయమునకు అధికారము లేదు. శిశువుల స్థితిగతులను పరిశోధించి నివేదించుట మాత్రమే దానికి అప్పగించిన పని. లాత్రప్ ఆ కొలదిపాటి అధికారమును నూటికి నూరుపాళ్ళు వినియోగించెను. దేశమున ప్రతి సంవత్సరము ఎందరు శిశువులు మరణించుచున్నారన్న ప్రశ్నతో ఆమె పని మొదలుపెట్టెను. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు లేరు. పుట్టినవారి లెక్కయే సరిగా లేనప్పుడు, వారిలో పోయినవారి నిష్పత్తి ఎట్లు తెలియును? జననములను నమ్మదగినట్లు నమోదు చేయు ప్రాంతమును 1915లో తొలిసారి గుర్తించినప్పుడు అందు చేరిన రాష్ట్రములు పది మాత్రమే. నలుబదియెనిమిది రాష్ట్రములును చేరుటకు 1933 వరకు పట్టెను. ఈ కొరత తీర్చుటకు లాత్రప్ మహిళాసంఘముల సహాయము కోరెను. సంఘముల సభ్యురాండ్రు తమతమ ఊళ్ళలో ఇంటింటికి పోయి, పుట్టిన బిడ్డల పేర్లు సర్కారు లెక్కలకు ఎక్కినవో లేదో సరిచూచిరి. శాసనసభ్యుల తలుపు తట్టుటకు ముందు ఈ స్త్రీలు ఇరుగుపొరుగుల తలుపులు తట్టిరన్న సంగతి మరువరాదు.

1913లో ఆ కార్యాలయము పెన్సిల్వేనియా రాష్ట్రములోని జాన్స్‌టౌన్ అను ఉక్కు కర్మాగారముల పట్టణమున తన మొదటి శిశుమరణ పరిశోధన సాగించెను. 1911లో ఆ పట్టణమున పుట్టిన బిడ్డల తల్లులను ఇంటివద్దనే కలిసికొని, ఇల్లు, నీరు, పాలు, తల్లి చేయు పని, తండ్రి సంపాదన మొదలైనవానినెల్ల అడిగి వ్రాసికొనిరి. అక్కడ పుట్టిన ప్రతి వేయిమందిలో 134 మంది ఏడాది నిండకుండగనే మరణించిరని తేలెను. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. తండ్రి సంపాదన మిక్కిలి తక్కువగా ఉన్న ఇండ్లలో వేయికి 255 మందికి పైగా శిశువులు మరణింపగా, సంపాదన ఎక్కువగా ఉన్న ఇండ్లలో మరణించినవారు 84 మంది. ఒకే ఊరు, ఒకే గాలి. అయినను ఒక ఇంటి బిడ్డకు, మరియొక ఇంటి బిడ్డకు బ్రతుకు ఆశలో మూడింతల భేదము. శిశుమరణము కేవలము దైవాధీనము కాదని ఈ అంకెలు తెలియజేసెను.

తల్లుల సంగతి గూడ ఇట్లే బయటపడెను. కార్యాలయమున పనిచేయుచుండిన డాక్టరు గ్రేస్ మెగ్జ్ 1917లో ప్రకటించిన నివేదిక ప్రకారము, 1913లో ఆ దేశమున ప్రసూతి సంబంధమైన కారణములచేత కనీసము 15,000 మంది స్త్రీలు మరణించిరి. 15 మొదలు 44 ఏండ్ల వయసు స్త్రీల మరణములకు క్షయ తరువాత పెద్ద కారణము ప్రసూతియే. సిరిసంపదలలో ముందున్న దేశము తల్లులను కాపాడుకొనుటలో అనేక దేశములకంటె వెనుకబడియుండెనని ఆ నివేదిక చూపెను.

లెక్కలు ఇట్లుండగా ఉత్తరములు మరియొక త్రోవను వచ్చెను. గర్భిణీ సంరక్షణను గూర్చి 1913లోను, శిశుపోషణను గూర్చి 1914లోను ఆ కార్యాలయము రెండు చిన్న పుస్తకములు ప్రకటించెను. వానిని వ్రాసిన మేరీ మిల్స్ వెస్టు అయిదుగురు బిడ్డల తల్లి. ఆ పుస్తకములు చదివిన తల్లులు దేశపు నాలుగు మూలలనుండి ప్రభుత్వమునకు ఉత్తరములు వ్రాయసాగిరి. 1916లో వయోమింగ్ రాష్ట్రమునుండి ఒక గర్భవతి వ్రాసిన ఉత్తరము చరిత్రకారులకు సుపరిచితము. ఆమె ఉండు చోటికి డాక్టరు 65 మైళ్ళ దూరమున ఉండెను. రాబోవు పురుడు తలచుకొనిన తనకు భయమగుచున్నదనియు, ఏమి సిద్ధము చేసికొనవలెనో తెలుపుడనియు ఆమె వేడెను. లాత్రప్ ఆ ఉత్తరమును ఫైలులో పెట్టి ఊరకుండలేదు. తానే జవాబు వ్రాసి, ఆమెకు సహాయము అందునట్లు ఏర్పాటు చేసెను. కాని ఒక్క తల్లికి ఒక అధికారిణి దయ చాలవచ్చును. లక్షలాది తల్లులకు దయ చాలదు, శాసనము కావలెను.

1917లో లాత్రప్ తన వార్షిక నివేదికయందు అట్టి శాసనమునకు ఒక పథకమును సూచించెను. కేంద్రప్రభుత్వము కొంత ధనమిచ్చును. రాష్ట్రప్రభుత్వము దానికి సమముగా తన వాటా చేర్చును. ఆ ధనముతో పల్లెలలో నర్సులు, గర్భిణీ పరీక్షా కేంద్రములు, శిశు ఆరోగ్య శిబిరములు ఏర్పడును. ఈ పద్ధతి క్రొత్తది కాదు. రైతులకు వ్యవసాయ బోధన చేయుటకై 1914లోనే ఇట్టి గ్రాంటుల శాసనము వచ్చియుండెను. పంటకు చేసినది ప్రాణమునకు ఏల చేయరాదన్నదే ఆమె వాదము. అమెరికా కాంగ్రెసు అనబడు పార్లమెంటునకు ఎన్నికైన మొదటి మహిళ, మొంటానా రాష్ట్రీయురాలైన జెనెట్ రాంకిన్, 1918లో బిల్లును ప్రవేశపెట్టెను. అది ముందుకు సాగలేదు. తరువాత టెక్సస్ సెనేటరు మారిస్ షెపర్డు, అయోవా ప్రతినిధి హోరేస్ టౌనరు దానిని చేపట్టిరి. వారి పేర్లమీదనే అది షెపర్డు–టౌనరు శాసనమని ప్రసిద్ధికెక్కెను.

1920 ఆగస్టులో అమెరికా స్త్రీలందరికి రాజ్యాంగబద్ధముగా వోటుహక్కు లభించెను. ఆ నవంబరులోనే పది జాతీయ మహిళాసంస్థలు కలిసి, కాంగ్రెసు సభ్యులను కలిసికొని తమ కోరికలు విన్నవించుటకై ఒక సంయుక్త సంఘమును స్థాపించెను. మాడ్ వుడ్ పార్కు దానికి అధ్యక్షురాలు. ఈ బిల్లును గూర్చిన ఉపసంఘమునకు ఫ్లారెన్సు కెల్లీ నాయకురాలు. వీరి పద్ధతి సులభగ్రాహ్యము. రాజధానిలో ప్రతినిధివర్గము సభ్యుని కలిసికొనును. అదే సమయమున ఆ సభ్యుని నియోజకవర్గమునుండి తల్లులు, ఉపాధ్యాయినులు, సంఘసభ్యురాండ్రు ఉత్తరములును తంతులును పంపుదురు. మహిళల మాసపత్రికలు బిల్లును సమర్థించి వ్యాసములు ప్రకటించును. ప్రతినిధుల సభాసంఘము ఎదుట సాక్ష్యమిచ్చుచు కెల్లీ, తల్లులును బిడ్డలును చావవలెనని కాంగ్రెసు ఏల కోరుచున్నదని స్త్రీలు అడుగుచున్నారు, వారికేమి బదులు చెప్పవలెనని సూటిగా ప్రశ్నించెను.

ఎదురు వాదములు లేకపోలేదు. వైద్యులలో అగ్రసంస్థయైన అమెరికన్ మెడికల్ అసోసియేషను, వైద్యమున ప్రభుత్వ జోక్యమనుచు దీనిని ప్రతిఘటించెను. ఇది రష్యా పోకడ యని కొందరు, రాష్ట్రముల హక్కులకు భంగమని కొందరు అనిరి. మిస్సోరీ సెనేటరు జేమ్స్ రీడు, పెండ్లిగాని స్త్రీలా తల్లులకు బిడ్డల పెంపకము నేర్పువారని సభలో ఎగతాళి చేసెను. 1921లో కాంగ్రెసునందున్న ఏకైక మహిళ, ఓక్లహోమా ప్రతినిధి ఆలిస్ రాబర్ట్‌సన్, ఈ బిల్లును వ్యతిరేకించుట మరియొక వింత. ఇన్ని అడ్డంకులున్నను బిల్లు సెనేటులో 63 వోట్లకు 7 వోట్లతోను, ప్రతినిధుల సభలో 279 వోట్లకు 39 వోట్లతోను నెగ్గెను. 1921 నవంబరు 23వ తేదీన అధ్యక్షుడు హార్డింగు దానిపై సంతకము చేసెను. రహస్యముగా వోటు చేయు వీలున్నచో సభ్యులు ఈ బిల్లును ఓడించియుందురని సెనేటరు కెన్యన్ అభిప్రాయపడెను. క్రొత్తగా వోటు పొందిన స్త్రీలు ఎట్లు వోటు చేయుదురో తెలియని భయము సభ్యులను మంచిదారికి త్రిప్పెనన్నమాట.

రాజధానిలో శాసనమైనంత మాత్రమున పల్లెలోని తల్లికి నర్సు రాదు. ప్రతి రాష్ట్రమునకు ఊరకనే 5,000 డాలర్లు లభించును. రాష్ట్రము తన వాటా వేసినచో మరి 5,000 డాలర్లును, ఆపైన జనాభానుబట్టి మరికొంతయు లభించును. కాని వీనిని పొందుటకు రాష్ట్ర శాసనసభ ఆ శాసనమును అంగీకరింపవలెను. కనుక స్త్రీల పోరాటము ఒక రాజధానినుండి నలుబదియెనిమిది రాజధానులకు మారెను. తమ రాష్ట్రమున ఏటేట ఎందరు తల్లులు, ఎందరు బిడ్డలు మరణించుచున్నారో లెక్కలు పట్టుకొని మహిళాసంఘములవారు రాష్ట్ర శాసనసభ్యులను ఆశ్రయించిరి. న్యూయార్కు గవర్నరు నేథన్ మిల్లరు 1922లో ఈ కేంద్రధనమును నిరాకరించెను. ఆ సంవత్సరపు ఎన్నికలలో అతడు ఓడిపోయెను. అతని స్థానమున వచ్చిన ఆల్ఫ్రెడ్ స్మిత్తు కాలమున, 1923లో, న్యూయార్కు ఈ శాసనమును అంగీకరించెను. మసాచుసెట్స్ రాష్ట్రము అంగీకరింపక పోగా, ఈ శాసనము రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టుకెక్కెను. 1923లో కోర్టు ఆ దావాను విచారణార్హము కాదని త్రోసివేసెను. తుదకు 48 రాష్ట్రములలో 45 రాష్ట్రములు ఈ పథకమున చేరెను. మసాచుసెట్స్, కనెక్టికట్, ఇల్లినాయి మాత్రము తుదివరకు చేరలేదు.

లాత్రప్ అనంతరము అధిపతియైన గ్రేస్ ఆబట్టు ఆధ్వర్యవమున పని వేగముగా సాగెను. బడులలోను, చర్చి మందిరములలోను, పురభవనములలోను శిశు ఆరోగ్య శిబిరములు వెలసెను. 1929 నాటికి లక్షా ఎనుబదిమూడు వేలకు పైగా శిబిరములు జరిగెను. దాదాపు మూడువేల స్థిరకేంద్రములు ఏర్పడెను. నర్సులు ముప్పదియొక్క లక్షల పర్యాయములు ఇండ్లకు పోయి తల్లులను చూచిరి. రెండు కోట్ల ఇరువది లక్షల కరపత్రములు, పుస్తకములు పంచబడెను. జననములు నమోదగు ప్రాంతమున 1921లో వేయికి 76గా ఉన్న శిశుమరణములు 1929 నాటికి 68కి దిగెను. ఈ తగ్గుదలకు పాలశుద్ధి, మంచినీటి వసతి మొదలైన కారణములు గూడ కలవు. అయినను ఈ సేవ పాత్ర కాదనరానిది.

మంచి చెప్పినప్పుడు లోపము గూడ చెప్పవలెను. ఈ ధనమును తల్లులకు భృతిగా గాని, సహాయ వేతనముగా గాని ఇయ్యరాదనియు, దీనితో భవనములు కట్టరాదనియు శాసనమే నిషేధించెను. పేదరికమునకును శిశుమరణమునకును గల సంబంధమును జాన్స్‌టౌన్ అంకెలు నిరూపించియుండగా, శాసనము పేదరికము జోలికి పోలేదు. పాలు త్రాగుమని తల్లికి చెప్పగలిగెను గాని, పాలు కొనిపెట్టలేకపోయెను. నీగ్రో తల్లులకు అందిన సేవ అందరికి అందినదానికంటె తక్కువ. శిశుమరణములు తగ్గినంతగా ప్రసూతి మరణములు తగ్గలేదు. ప్రసూతి మరణములు గణనీయముగా తగ్గుటకు 1930 తరువాతి సంవత్సరములలో వచ్చిన సల్ఫా మందులు, రక్తదాన సౌకర్యములు, మెరుగుపడిన ఆసుపత్రి వైద్యము కావలసి వచ్చెను.

శాసనపు గడువు తీరనున్నందున 1926లో పొడిగింపునకు ప్రయత్నము జరిగెను. ఈ అయిదేండ్లలో ఒక మార్పు వచ్చియుండెను. స్త్రీలు ఒక్క మాటమీద నిలిచి వోటు చేయరనియు, పురుషులవలెనే పలుపక్షములుగా చీలి వోటు చేయుదురనియు రాజకీయజ్ఞులు కనిపెట్టిరి. వారి భయము తీరెను. వైద్యసంస్థ ప్రతిఘటన మాత్రము తగ్గలేదు, పెరిగెను. ఈ సేవ దేశద్రోహుల కుట్ర యని నిందించు మహజరు నొకదానిని డెలవేర్ సెనేటరు బేయార్డు సభాకార్యక్రమ సంపుటమునందే చేర్చెను. సెనేటులో కొందరు పట్టుబట్టి అడ్డగింపగా, 1927 జనవరిలో రాజీ కుదిరెను. రెండేండ్లు మాత్రము పొడిగింపు; 1929 జూన్ 30వ తేదీతో శాసనము తనంత తానే రద్దగును. అట్లే జరిగెను. కొన్ని రాష్ట్రములు సొంత ధనముతో పని సాగింపగా, అనేక రాష్ట్రములు తగ్గించివేసెను. అంతట ఆర్థికమాంద్యము వచ్చిపడెను. 1935లో సాంఘిక భద్రతా శాసనము వచ్చునప్పుడు, దానిలో అయిదవ ప్రకరణముగా తల్లీబిడ్డల ఆరోగ్యసేవ మరల చోటు సంపాదించుకొనెను. ఆ భాగమును సిద్ధపరచినవారు ఆ చిన్న కార్యాలయమునకు చెందిన స్త్రీలే. వెనుకటి ఓటమిలో వారు ఫైళ్ళు మూసివేయలేదు.

ఇది పరదేశపు కథ యైనను, ఆ కాలముననే మన దేశమునను ఇట్టి కోరిక వినబడెను. 1917 డిసెంబరులో భారతమంత్రి మాంటేగ్యు మద్రాసునకు వచ్చినప్పుడు, హైదరాబాదున పుట్టి పెరిగిన శ్రీమతి సరోజినీ నాయుడుగారి నాయకత్వమున భారత మహిళా ప్రతినిధివర్గము వారిని సందర్శించెను. వోటుహక్కుతోపాటు స్త్రీవిద్యను, ఆరోగ్య ప్రసూతి సౌకర్యములను గూడ ఆ మహజరు కోరెను. వోటునకును పురిటిగదికిని గల సంబంధమును మన స్త్రీలు అప్పుడే గ్రహించిరన్నమాట. 1927లో మద్రాసు శాసనమండలిలో ప్రవేశించిన డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు స్వయముగా వైద్యురాలు. 1946 నాటి భోర్ సంఘము తన నివేదికలో, 1937లో బ్రిటిషు ఇండియాలో శిశుమరణములు వేయికి 162 అనియు, ప్రసూతి మరణములు వేయి జననములకు ఇరువది వరకు ఉండుననియు పేర్కొనెను. 2018–20 సంవత్సరముల లెక్కల ప్రకారము మన దేశమున లక్ష జననములకు ప్రసూతి మరణములు 97; 2020లో శిశుమరణములు వేయికి 28. ఈ రెండు లెక్కల నడుమ ఎందరి పని ఇమిడియున్నదో ఊహింపవచ్చును.

మన రాజ్యాంగపు 42వ అధికరణము ప్రసూతి సహాయమును రాజ్యము కర్తవ్యములలో చేర్చినది. ప్రజారోగ్యము రాష్ట్రముల జాబితాలోనిది. 1961 నాటి ప్రసూతి సౌకర్యముల శాసనము గాని, 2005లో వచ్చిన జననీ సురక్షా యోజన గాని ఢిల్లీలో రూపొందినను, వాని ఫలము జిల్లాలోనే, మండలములోనే, ఉపకేంద్రపు గుమ్మమువద్దనే తేలవలెను. మన బల్లలమీదుగా పోవు మంజూరు ఉత్తరువునకును, పురిటినొప్పులు పడుచున్న తల్లికిని నడుమ ఒక రాష్ట్ర శాసనసభయు, ఒక బడ్జెటు పద్దును, ఒక నర్సు నియామకమును ఉండునని షెపర్డు–టౌనరు శాసనపు చరిత్ర మనకు గుర్తుచేయుచున్నది.

ఆ చరిత్రలో స్త్రీలు గెలిచినప్పుడు వారిచేత మూడు సాధనములు ఉండెను: తామే తిరిగి సరిచూచిన లెక్క, తల్లి స్వహస్తముతో వ్రాసిన ఉత్తరము, సభ్యుడు జవాబు చెప్పుకొనవలసిన వోటు. వానిలో మూడవదాని బలము సడలినంతనే మొదటి రెండును వినువారు లేకపోయిరి. మన సంఘసభ్యుల కుటుంబములలో స్వగ్రామములతో సంబంధము తెగనివారే అధికము. సెలవులకు ఊరికి పోయినప్పుడు పంటలెట్లున్నవని అడుగుదుము, వానలెట్లున్నవని అడుగుదుము. ఉపకేంద్రమున నర్సు ఉన్నదా, రాత్రివేళ పురుడు వచ్చినచో వాహనము వచ్చునా, గత ఏడాది ఊరిలో పుట్టిన బిడ్డలందరి పేర్లును నమోదైనవా యని గూడ అడుగుదము. వచ్చిన జవాబులను ఒక కాగితముమీద వ్రాసి, ఆ నియోజకవర్గపు శాసనసభ్యునకు అందజేసి, మరుసటి ఏడు మరల పోయి అడుగుదము.